చేతికి వచ్చినంత మేరకు

నాన్న అస్థికలు గోదావరిలో కలిపి భద్రాచలం నుంచి తిరిగొస్తుంటే కారులో అన్నయ్య ఒక్కటే మాట అన్నాడు. "దినం లోపు అప్పులోళ్ల లిస్టు రాయాలిరా."

రాశాం. సహకార సంఘంలో పంట రుణం. పురుగుమందుల కొట్లో రెండు సీజన్ల ఖాతా. నూటికి రెండు రూపాయల వడ్డీతో రెండు ప్రామిసరీ నోట్లు. నాన్న డైరీలో అన్నిటికన్నా అడుగున ‘కూలీలు’ అని ఒక్క మాట ఉంది, పేర్లు లేవు. వీలునామా కూడా అంతే పొదుపుగా రాశాడు. సత్తుపల్లి దగ్గర నాలుగెకరాలు ఇద్దరికీ చెరి సగం. దమ్మపేట వైపు ఏజెన్సీలో ‘నా సాగులో ఉన్న స్వార్జితం’ మూడెకరాలు అన్నయ్యకి. కింద సంతకం, ఇద్దరు సాక్షులు.

చదువుకున్నవాణ్ణి కదా అని అందరూ నన్నే అడిగారు, తండ్రి అప్పు కొడుకులు కట్టాల్సిందేనా అని. పాత ధర్మశాస్త్రాల్ని అడిగితే కట్టాల్సిందే. తాగుడుకీ జూదానికీ చేసినవి తప్ప మిగతా అప్పులు కొడుకు తీర్చాలన్నాయి. తీర్చకపోతే ఆ తండ్రి అప్పిచ్చినవాడి ఇంట్లో దాసుడిగానో పశువుగానో పుడతాడని భయపెట్టాయి. ఇంగ్లీషువాళ్ల కాలం నుంచీ కోర్టులు కూడా దీన్ని పుత్రధర్మం కింద అమలు చేస్తూ వచ్చాయి. 2005లో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ ఆ ధర్మాన్ని కోర్టు మెట్ల బయటే ఆపేసింది. ఆ తర్వాత చేసిన అప్పులకి, కేవలం కొడుకువి కాబట్టి కట్టు అని ఏ కోర్టూ అనడానికి లేదు.

మరి అప్పు గాల్లో కలిసిపోతుందా? పోదు. పోయినవాడి ఆస్తి నీ చేతికి ఎంత వచ్చిందో అంత మేరకు నువ్వు జవాబుదారీ. సివిల్ ప్రొసీజర్ కోడ్ 52వ సెక్షన్ సారం అదే. వీలునామాలో ఏం రాసినా ముందు అప్పులు, తర్వాతే పంపకం. ఇస్లామిక్ వారసత్వ చట్టంలోనూ వరస ఇదే. రోమన్లు మొదట్లో వారసుడి నెత్తిన మొత్తం అప్పు పెట్టేవాళ్లు. 531లో జస్టీనియన్ చక్రవర్తి, ఆస్తి జాబితా సరిగ్గా రాసుకున్న వారసుడికి ఆ జాబితా మేరకే బాధ్యత అన్నాడు.

ఈ ‘మేరకు’ అన్న మాట విని అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. నాకూ నచ్చింది. చచ్చిపోయినవాడి పరువు పేరు చెప్పి బతికున్నవాడి మెడ పట్టుకునే వడ్డీ వ్యాపారులున్న చోట అది న్యాయమైన మాట.

దినం నాడు భోజనాలయ్యాక ఒక కోయ పెద్దాయన వచ్చాడు. "పత్తి తీసిన పదకొండు రోజుల కూలి ఉండిపోయింది సారూ" అన్నాడు. డైరీలో పేరు లేకుండా ఉన్నవాళ్లలో ఆయనొకడు. అన్నయ్య వెంటనే ఇచ్చేశాడు. ఆయన లెక్కపెట్టుకుని, నాన్న ఫొటోకి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

"ఆ మూడెకరాలూ వీళ్లవే ఒకప్పుడు" అన్నాడు అన్నయ్య, మామూలుగా.

ఆ సంగతి నాకు తెలియంది కాదు. ఎప్పుడూ ఆలోచించలేదంతే. ఆ పెద్దాయన తండ్రి విత్తనాలకీ జబ్బుకీ నాన్న దగ్గర అప్పు తీసుకున్నాడు. తీర్చకుండానే పోయాడు. ఆ తండ్రి బాకీ కింద కొడుకు చేను వదిలేసి తెల్లకాగితం మీద వేలిముద్ర వేశాడు. ముప్పై ఏళ్లు దాటింది. రికార్డులో ఇప్పటికీ ఆయన తండ్రి పేరే ఉంది, సాగు మాది.

1959లో వచ్చిన భూబదలాయింపు రెగ్యులేషన్ 1963లో తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకీ వర్తించింది. 1970 సవరణతో మరింత గట్టిపడింది. మా వైపు అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది దాన్నే. అమ్మకమైనా తాకట్టైనా కౌలైనా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి వెళ్తే చెల్లదు. ఆ రెగ్యులేషన్ ‘బదిలీ’కి ఇచ్చిన నిర్వచనం వీలునామాని బయట ఉంచింది, నిజమే. కానీ తనకి లేని హక్కుని వీలునామాలో రాసి ఎవరూ పుట్టించలేరు. అప్పు కింద ఆ చేను జమ కావడానికి వీల్లేదని చట్టం అప్పటికే చెప్పింది. ఆ కొడుక్కి ఎవరూ చెప్పలేదు. నాన్నకి మాత్రం తెలుసు. తెలుసు కాబట్టే తెల్లకాగితం.

"మనం లాక్కోలేదురా, డబ్బిచ్చాం. రాళ్లేరాం, బోరేశాం, ఇన్నేళ్లు చాకిరీ చేశాం" అన్నాడు అన్నయ్య. అవన్నీ నిజాలే. ఎండలో నిలబడ్డది వాడు, నేను కాదు. నాన్న కూడా దుర్మార్గుడు కాదు. ఆ ఇంట్లో జ్వరమొస్తే మందులు కొనిపెట్టినవాడు. తండ్రి తప్పు కొడుకుకి సంక్రమించదని నేనూ నమ్ముతాను.

కానీ ఇక్కడి ప్రశ్న తప్పు గురించి కాదు. పురుగుమందుల కొట్లో ఖాతా పెట్టింది మేము కాదు, అయినా కడుతున్నాం. ఎందుకు? నాన్న ఆస్తి మా చేతికి వచ్చింది కాబట్టి. అదే కొలత ఇక్కడ పెడితే? మా చేతికి వచ్చినవాటిలో ఆ మూడెకరాలూ ఉన్నాయి. ఆయన తండ్రి తీసుకున్న అప్పు, దాని వడ్డీ, ఆ చేలో మేం తీసిన పంటల్లో ఎప్పుడో తీరిపోయి ఉంటాయి. బాకీల వైపు రాయాల్సిన చేనుని మేం ఆస్తుల వైపు రాసుకున్నాం. ‘మేరకు’ అన్న మాట అప్పులోళ్ల నుంచి మమ్మల్ని కాపాడుతుంటే సంతోషంగా చేతబట్టుకున్నాం. అదే మాట ఈ చేను దగ్గర మమ్మల్ని పట్టుకుంటే వదిలించుకోవడం కుదరదు.

అస్థికలు కలిపిన రోజు మైల కాబట్టి గుడిలోకి వెళ్లలేదు, ఒడ్డు నుంచే గోపురం చూశాం. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న, మన రామదాసు, వసూలు చేసిన శిస్తుతో ఆ గుడి కట్టించి గోల్కొండ ఖైదులో పడ్డాడంటారు. చివరికి రామలక్ష్మణులే వచ్చి తానీషాకి ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు తీసుకున్నారని కథ. చిన్నప్పటి నుంచీ వింటున్న ఆ కథలో ఇప్పుడు నాకు ఇంకో సంగతి కనిపిస్తోంది. రాజు లెక్క పైసాతో సహా సరిపోయింది. శిస్తు కట్టిన రైతుల ఊసు ఆ రసీదులో లేదు. గట్టిగా అడగగలిగినవాడి బాకీ దేవుడు దిగొచ్చైనా తీరుస్తాడు. అడగనివాడి బాకీ అప్పని కూడా ఎవరికీ తోచదు.

"నీకేం, నెల తిరిగేసరికి జీతం పడుద్ది" అన్నాడు అన్నయ్య ఆ రాత్రి. చాలాసేపు జవాబు దొరకలేదు. హైదరాబాదులో కూచుని వాడి చేనుతో నేను ధర్మం చెయ్యడం మరీ చవక. అందుకని సత్తుపల్లిలో నా వాటా రెండెకరాలు వాడికి రాసిస్తానన్నాను. వాడికి ఒక ఎకరం తగ్గుతుంది, నాకు రెండూ పోతాయి. రికార్డు ఎలాగూ వాళ్లదే. మేం చెయ్యాల్సిందల్లా చేలోంచి లేచి రావడం, విరాసత్ కింద ఆయన పేరుకి మార్పించడానికి ఆఫీసు చుట్టూ తోడు తిరగడం.

అన్నయ్య ఇంకా అవుననలేదు, కాదనలేదు. చేలో రెండో తీత పత్తి ఉంది. మొన్న ఫోన్ చేసి చెప్పాడు, పెద్దాయన తీతకి వస్తానన్నాట్ట. కూలికి.