సేవాయాత్రలో ముందు నడిచేది ఎవరు?

సంక్రాంతికి ముందు, మంచు ఇంకా విడవని రోజుల్లో మన ఏజెన్సీ ఊళ్లకు బస్సులు వస్తాయి. కొన్ని అరకు, లంబసింగి చూడడానికి వచ్చేవి. కొన్ని సేవ చేయడానికి వచ్చేవి. ఈ రెండో రకం బస్సుల్లోంచి తొమ్మిది, పది తరగతుల పిల్లలు, ఇంటర్ పిల్లలు దిగుతారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు, తలకు టోపీలు, చేతుల్లో కొత్త చీపుర్లు. వాళ్లలోనే ఒకరు నాయకుడు, ఒకరు ఉపనాయకురాలు. ఉపాధ్యాయులు కొంచెం వెనక నిలబడి బాధ్యతంతా పిల్లలకే వదిలేస్తారు. రెండు మూడు రోజులుంటారు. వీధులు ఊడుస్తారు, బడి గోడకు రంగు వేస్తారు, దుప్పట్లు, నోటు పుస్తకాలు పంచుతారు. వెళ్లేముందు అందరూ కలిసి ఫొటో దిగుతారు.

ఆ పిల్లల మీద మాకు కోపం లేదు. వాళ్ల చేతులు బొబ్బలెక్కడం చూశాం. చలికి వణుకుతూ కూడా రాత్రి పాటలు పాడుతుంటే విన్నాం. మంచి పిల్లలు. అయినా బస్సు ఘాట్ రోడ్డు దిగిపోయాక ప్రతిసారీ మా దగ్గర ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఈ యాత్రను విద్యార్థులే నడిపారని పేపర్లో వస్తుంది. ఏ వీధి ఊడవాలో, ఏ గోడకు రంగు వేయాలో నిర్ణయించింది ఎవరు? ఊరిని ఎవరైనా అడిగారా?

మన దేశంలో విద్యార్థుల సేవకు పెద్ద దారి వేసింది జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్. గాంధీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో అది మొదలైంది. తర్వాత ఇంటర్ విద్యార్థుల దాకా వచ్చింది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లకు 240 గంటల పని, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని పద్ధతి. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో అయితే ప్రభుత్వ హైస్కూలు పూర్తి చేయాలంటే 75 గంటల సేవ గాని, జిల్లా పెట్టిన అలాంటి కార్యక్రమం గాని తప్పనిసరి. హైదరాబాదు, విశాఖల్లోని అంతర్జాతీయ సిలబస్ బడుల్లో ఐబీ డిప్లొమా కావాలన్నా సేవ చేసి చూపించాలి. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ల పిల్లలు కొందరు వేసవిలో తాతగారి ఊరొచ్చి బడిలో ఇంగ్లీషు చెప్పి వెళ్లడం వెనక, కాలేజీ దరఖాస్తులో ఆ సంగతి రాసుకోవచ్చన్న ఆలోచన కూడా ఉంటుంది. అందులో దాచాల్సిందేమీ లేదు.

గంటలు లెక్కపెట్టడం తప్పని మేము అనం. లెక్క లేకపోతే బడిలో ఏ పనీ సాగదని ఉపాధ్యాయులందరికీ తెలుసు. కాని ఆ పుస్తకంలో ఒకవైపు గంటలే ఎక్కుతాయి. డిసెంబరు, జనవరి నెలలంటే పాడేరు, అరకు వైపు కాఫీ పళ్లు కోసే కాలం. శిబిరం జరిగే రోజుల్లో ఆడవాళ్లు కోత మానుకుని ఊట నుంచి నీళ్లు మోస్తారు, వచ్చినవాళ్ల వంటకు కట్టెలు తెస్తారు, దుప్పట్లు పంచే పెద్దమనిషి వచ్చేదాకా ఎండలో కూర్చుంటారు. అవి ఎవరి గంటలు? పోయిన కూలి ఎవరి లెక్కలో రాయాలి? ఇంటికొచ్చినవాళ్లకు పెట్టడం మన మర్యాద కాబట్టి ఎవరూ నోరెత్తరు. అలా నోరెత్తకపోవడం వల్లే సేవ పొందినవాళ్ల జాబితాలో మనం, చేసినవాళ్ల జాబితాలో వాళ్లు మిగిలిపోతున్నాం.

ఈ మాట మనకంటే ముందే, ఇంకా గట్టిగా అన్నవాళ్లు ఉన్నారు. మెక్సికో పల్లెలకు సేవకు వెళ్లే అమెరికా విద్యార్థులతో 1968లో ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు మాట్లాడాడు. చూడడానికీ నేర్చుకోవడానికీ వస్తే సరే గాని సాయం చేస్తామని మాత్రం రావద్దని వాళ్ల మొహం మీదే చెప్పాడు. మేము అంత దూరం పోము. గర్భిణిని డోలీలో మోసుకెళ్లడం ఒక్కసారి కళ్లారా చూసిన పట్నం పిల్ల రేపు డాక్టరో కలెక్టరో అయితే ఆ దారి గుర్తుంటుందన్న ఆశ మాకుంది. అలాగైతే ఆ రెండు రోజులూ పాఠం చెప్పింది ఊరు, నేర్చుకున్నది వచ్చిన పిల్లలు. నేర్చుకున్నవాళ్లు నేర్పినవాళ్లకు దుప్పటి ఇస్తే ఇవ్వనీ, ఎవరు ఎవరికి రుణపడ్డారో మాత్రం తారుమారు కాకూడదు.

బయటి పిల్లల మాట ఇక్కడికి చాలు. మాకు అంతకంటే ఎక్కువ బెంగ మన పిల్లల గురించే.

ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో కూడా సేవా కార్యక్రమాలుంటాయి. పక్క గూడేనికి ర్యాలీ తీస్తారు, ప్లకార్డులు పట్టిస్తారు. తొమ్మిదో తరగతి కుర్రవాణ్ణి ముందు నిలబెడతారు. వాడు కాగితం చూసి చదువుతాడు: చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మరుగుదొడ్డి వాడాలి, నాటు వైద్యం నమ్మరాదు. ఎదురుగా కూర్చున్నది వాడి అవ్వ వయసు మనుషులు, ఒక్కోచోట వాడి సొంత అవ్వే. ఊళ్లో గొట్టాలు వేశారు గాని కుళాయిలో నీళ్లు రావడం లేదని వాడికి తెలుసు. దొడ్డికి రెండు బిందెలు పోస్తే వంటకు మళ్లీ వాగు దాకా వెళ్లాలనీ తెలుసు. జ్వరమొస్తే నాటు వైద్యుడే దిక్కు కావడానికి కారణం ఆస్పత్రి ఎంత దూరమో అన్నదే అని కూడా తెలుసు. వాడికి తెలిసిందేదీ ఆ కాగితంలో లేదు. వాడు కాగితమే చదివాడు. చప్పట్లు కొట్టారు.

పిల్లవాడిలో నాయకత్వ లక్షణాలు పెరిగాయని ఆ సాయంత్రం మనం రిపోర్టు రాస్తాం. మాకు కనిపించింది వేరు. తన ఊరిని బయటివాడి కళ్లతో చూడడం వాడికి ఆ రోజు మొదలైంది. సెలవులకు ఇంటికొచ్చాక అవ్వ కువిలో అడిగితే తెలుగులో జవాబు చెబుతాడు. చోడి అంబలి ముందు పెడితే పక్కకు చూస్తాడు. ఎవరూ వాణ్ణి తిట్టలేదు, కొట్టలేదు. తన వాళ్లను బాగుచేయాల్సిన మనుషులుగా చూడమని మాత్రం నేర్పాం.

అసలు వాడికి నాయకత్వం కొత్తగా నేర్పాల్సిన పని ఉందా? పన్నెండేళ్లకే మేకలను కొండ మీదికి తోలుకెళ్లి చీకటిపడకముందే లెక్క తప్పకుండా ఇంటికి తెస్తాడు. వాగు పొంగితే ఏ రాయి మీద కాలు పెట్టాలో చిన్నపిల్లలకు చూపిస్తాడు. ఇల్లు కప్పుకునే రోజున ఊరంతా కదిలితే వాడూ గడ్డి మోపు ఎత్తుకుంటాడు. ఇవాళ వీళ్ల పోడుకు వాళ్లు, రేపు వాళ్ల పోడుకు వీళ్లు బదులు పనికి వెళ్తారు. దీన్ని సేవ అని మన పెద్దలు ఎన్నడూ అనలేదు. దీనికి సర్టిఫికెట్ లేదు, గంటల పుస్తకం లేదు. అందుకే బడి కంటికి ఇది ఆనదు.

సొంత మనుషులకు చేసేదాన్ని సేవ అనవచ్చా అని మన యువకులు కొందరు వాదిస్తారు. ఆ మాట వాడితేనే దూరం వచ్చేస్తుందని వాళ్ల అభ్యంతరం. వాదన బాగానే ఉంది గాని పేరు గురించి మాకు అంత పట్టింపు లేదు. చేసిన పని చెడితే మర్నాడు ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్నది మా పట్టింపు. రంగు వేసిన గోడ మొదటి వానకే పెచ్చులూడితే పట్నం పిల్లలకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. మన గూడెం పిల్ల పింఛను కాగితం తప్పు నింపితే వచ్చే వారం సంతలో ఆ ముసలాయన ఎదురుపడతాడు. ఆయన కళ్లలోకి చూడక తప్పదు. నాయకత్వం వహించే అర్హత అలా చూడాల్సినవాళ్లకే ఉంటుందని మేమంటాం. పదిహేనేళ్లు అందుకు తక్కువ వయసేమీ కాదు.

బయటి నుంచి వచ్చినా ఆ అర్హత సంపాదించుకున్నవాళ్లు లేకపోలేదు. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా అన్ని బడుల్లో జరుపుతాం. వ్యావహారిక భాష గురించి ఉపన్యాసాలిస్తాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన ఆ మనిషి సవరల కోసం ఏం చేశారో మన పిల్లలకే తక్కువగా చెబుతాం. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ముందు తాను సవర నేర్చుకున్నారు. ఆ తర్వాతే ఆ భాషలో వాచకాలు రాశారు, బడులు నడిపారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. కొండల్లో తిరిగినందుకు జ్వరం పట్టుకుంది, వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతింది. నోరు తెరిచి చెప్పడానికి ముందు ఎన్ని ఏళ్లు విన్నారో చూడండి. రెండు రోజుల శిబిరంలో అంత సాధ్యం కాదు నిజమే, మొదటి పూటైనా వినడానికి కేటాయించవచ్చు కదా.

ఇక మా ఆలోచన చెబుతాం. సేవాయాత్ర అనగానే కింద నుంచి కొండ మీదికి వచ్చేదే గుర్తొస్తుంది. కొండ మీద నుంచి కిందికి వెళ్లే యాత్రలు ఎన్నో ఉన్నాయి. ఆధార్‌లో పేరు సరిచేయించుకోవాలి, వేలిముద్ర పడక ఆగిన పింఛను సంగతి అడగాలి, బ్యాంకు పుస్తకంలో ఉపాధి హామీ కూలి పడిందో లేదో చూసుకోవాలి, పెద్దాసుపత్రిలో ఏ కిటికీ దగ్గర చీటీ తీసుకోవాలో తెలుసుకోవాలి. కువి గాని, పోర్జా గాని, సవర గాని తప్ప వేరే మాట రాని పెద్దలకు ఆ ఒక్కరోజు ప్రయాణం వేటకంటే కష్టం. ఈ యాత్రలో ముందు నడవగలిగింది రెండు భాషలూ వచ్చిన మన హైస్కూలు పిల్లలే. నెలకు ఒక శనివారం ఆరుగురు పిల్లలు, ఒక ఉపాధ్యాయుడు, పదిమంది పెద్దలు కలిసి మండల కేంద్రానికి వెళ్లి వస్తే అది ఏ నగర పాఠశాలా చేయలేని సేవ.

ఇందులో బరువు లేదని కాదు. సికిల్ సెల్ సంగతే తీసుకోండి. 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని కేంద్రం 2023 జులైలో మొదలుపెట్టిన మిషన్‌లో 40 ఏళ్ల లోపువాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకున్నారు. పరీక్ష అయ్యాక వచ్చే కార్డులో ఏముందో ఇంట్లోవాళ్లకు చదివి చెప్పేది చాలాచోట్ల బడికెళ్లే పిల్లే. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ లెక్క పదో తరగతి పిల్లకు జీవశాస్త్రంలో అర్థమవుతుంది. పెళ్లి కుదిరిన పక్కింటి అక్క కార్డు చేతికొచ్చినప్పుడు ఆ లెక్క పాఠంలా ఉండదు. చదివిన సంగతి స్నేహితురాలికి కూడా చెప్పకుండా కడుపులో దాచుకోవాలి. పద్నాలుగేళ్ల పిల్ల మీద ఇంత బరువు పెట్టడం న్యాయమా? ఒంటరిగా పెడితే అన్యాయమే. పక్కన ఆశా కార్యకర్త, వెనక టీచరు ఉండాలి, ఇది నాకు వద్దు అనే హక్కు పిల్లకు ఉండాలి. ముందు నడిపించడం అంటే వదిలేయడం అని కొందరు పెద్దలు అనుకుంటారు, అది సోమరితనం.

ఇంకో ప్రమాదం ఉంది. పిల్లల సేవ పేరు చెప్పి ప్రభుత్వం తన పని ఎగ్గొట్టకూడదు. టీచరు లేని బడిలో ఇంటర్ పిల్లలు పాఠం చెబితే ఖాళీ కనిపించకుండా పోతుంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో వచ్చిన జీవో నంబరు 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. పిల్లల భాష తెలిసిన టీచరు కావాలన్న అవసరాన్ని మాత్రం ఏ తీర్పూ కొట్టేయలేదు. ఆస్పత్రిలో దుబాసీగా నిలబడ్డ పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి, ఇక్కడ మన భాష తెలిసిన మనిషిని జీతమిచ్చి ఎందుకు పెట్టలేదు అని అడగాలి. అడిగేలా చేయడం టీచరు పని. డోలీ మోయడం నేర్చుకున్న కుర్రాళ్లు రోడ్డు కోసం అర్జీ రాయడం కూడా నేర్చుకోవాలి. మోతను మాత్రమే మెచ్చుకుంటే రోడ్డు రాదు.

1996 నాటి పెసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి ప్రణాళికలు, కార్యక్రమాలు అమలు చేసేముందు గ్రామసభ ఆమోదం కావాలి. రెండు రోజుల విద్యార్థి శిబిరం ఆ లెక్కలోకి వస్తుందా రాదా అని వాదించుకోనక్కర్లేదు. అడగడం మర్యాద. ఉపాధ్యాయ మిత్రులారా, బయటి బడి నుంచి ఫోనొస్తే తారీఖు మీరే ఖాయం చేయకండి. కాఫీ కోత అయ్యాక రమ్మనాలో వద్దో ఊరినే చెప్పనివ్వండి. వాళ్లు వచ్చినప్పుడు మొదటి రోజు చీపుర్లు బస్సులోనే ఉంచమనండి. మన బడిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని నలుగురిని పిలిచి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో, డోలీ ఏ మలుపులో ఆగుతుందో, ఏ కుళాయి ఎన్నాళ్లుగా ఎండిపోయిందో చూపించమనండి. రాసుకునే పుస్తకం పట్నం పిల్లల చేతికివ్వండి. వాళ్లు రాసిందాన్ని సాయంత్రం మన పిల్లలు ఊరి భాషలోకి మార్చి పెద్దలకు వినిపించాలి. తప్పులుంటే పెద్దలు అక్కడే దిద్దుతారు. రెండో రోజు ఏ పని చేయాలో, అసలు పని చేయాలో వద్దో, ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.