ఉచితమూ ఋణమూ

అడుగకుండానే ఒకరు ఇచ్చినదానిని, ఏ ప్రతిఫలమూ కోరకుండా ఇచ్చినదానిని, మరొకరు పుచ్చుకొని ధనవంతులైనచో, ఆ పుచ్చుకొన్నవారు ఋణపడినట్లా, కాదా? మనుష్యులు కలసి బ్రతకడం నేర్చిన నాటినుండి ఈ ప్రశ్న ఉన్నదే. అయితే ఈ కాలంలో అది కంప్యూటర్ల ప్రపంచంలో, వెనుక ఎన్నడూ లేనంత పెద్ద ప్రమాణంలో, తిరిగి తలయెత్తినది.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ప్రయత్నాన్ని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్‌ను లోకానికి విడిచిపెట్టాడు. సాఫ్ట్‌వేర్ రచించినవారు దాని సోర్స్ కోడును దాచక, ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును అని అనుమతించే పద్ధతి ఇట్టి ప్రయత్నాలతో బలపడినది. తరువాత దానికి ఓపెన్ సోర్స్ అనే పేరు వాడుకలోకి వచ్చినది. నేడు చేతిలోని ఫోను మొదలు మహాసంస్థల సర్వర్ల వరకు దానిపై ఆధారపడనిది అరుదు.

చట్టం దృష్టిలో ఇక్కడ ఋణమనే మాటకు తావు లేదు. ఓపెన్ సోర్స్ లైసెన్సుల సారాంశం సాధారణంగా రెండు మాటలు: తీసుకొనేవాడు వెల చెల్లించనక్కరలేదు, ఇచ్చేవాడు పూచీ వహించడు. మొదటి మాటను కంపెనీలు బాగా గుర్తుంచుకొన్నవి. రెండవదానిని తరచు మరచిపోతున్నవి. దోషమేదైనా కనిపించగానే, ఫలానా గడువులోగా సరిచేయవలెనని, పగలంతా వేరొక ఉద్యోగం చేసి రాత్రివేళ ఈ పనికి కూర్చునే మనిషికి తాఖీదులు పంపుతున్నవి. ఇష్టపూర్వకమైన దానం వెట్టిగా మారేది ఇక్కడనే.

ఆంధ్రదేశంలో పూర్వులు సప్తసంతానాలని ఏడింటిని లెక్కించేవారు. వాటిలో కృతి ఒకటి, తటాకం ఒకటి. రెండూ లోకోపకారాలే, స్వభావం మాత్రం వేరు. కృతి ఒకసారి ముగిసిన తరువాత వేయిమంది చదివినా అరగదు. కవి మరణించినా దానికి మరమ్మతు అవసరం లేదు. చెరువు అట్టిది కాదు. ఏటేటా పూడిక పేరుకొంటుంది, వానలకు కట్ట కోసుకొంటుంది, తూము శిథిలమవుతుంది. కనుకనే పూర్వులు చెరువు త్రవ్వించినవాని కీర్తితో సరిపెట్టుకొనలేదు. దశబంధం అనే పేరున, చెరువులను నిర్మించి కాపాడేవారికి ఇనాములు ఏర్పరచారు.

సాఫ్ట్‌వేర్ చూపులకు కృతి. అక్షరాలతో వ్రాసినదే, ఎన్ని ప్రతులు తీసినా తరుగదు. స్వభావానికి మాత్రం అది చెరువు. యంత్రాలు మారుతుంటాయి, దొంగలు కొత్త దారులు కనిపెడుతుంటారు, పాత తప్పులు ఆలస్యంగా బయటపడుతుంటాయి. చెరువును కృతి అనుకోవడమే కంపెనీలు చేసే పొరపాటు.

ఈ పొరపాటు ఫలితం 2014 ఏప్రిల్‌లో కనిపించినది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనేది ఇంటర్నెట్‌లో రహస్యాలను కాపాడే తాళం వంటిది. దానిలో రెండేండ్లుగా దాగియున్న దోషం ఒకటి బయటపడి, హార్ట్‌బ్లీడ్ అనే పేరుతో లోకాన్ని భయపెట్టినది. అప్పటికి ఆ పనికి పూర్తికాలం కేటాయించగలిగినవాడు ఒక్కడే. విరాళాలుగా వచ్చేది ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. లక్షల కోట్ల వ్యాపారానికి తాళం వేసినవారికి దక్కినది అది. దోషం బయటపడిన తరువాత పెద్ద కంపెనీలు కొన్ని లినక్స్ ఫౌండేషన్ ద్వారా ఒక్కొక్కటి ఏటా కనీసం 1,00,000 డాలర్ల చొప్పున మూడేండ్లు ఇస్తామని ముందుకు వచ్చినవి. మంచిదే. కాని అది కట్ట తెగిన తరువాత మట్టి మోయడం.

2024 మార్చిలో మరొక సంగతి వెలుగులోకి వచ్చినది. ఎక్స్‌జడ్ యుటిల్స్ అనే చిన్న సాధనాన్ని ఒక వ్యక్తి జీతం లేకుండా, తీరిక వేళలలో నిర్వహిస్తూ అలసిపోయి ఉన్నాడు. సహాయకుని వేషంలో ఒకడు చేరి, రెండేండ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరకు అందులో దొంగద్వారం అమర్చాడు. దానిని పట్టుకొన్నవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఒక పని అర సెకను ఆలస్యం కావడం చూచి అతడు అనుమానించాడు. ఆయన మైక్రోసాఫ్ట్‌లో జీతం తీసుకొంటూ పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్‌పై పనిచేసే ఇంజనీరు. జీతం లేని ఒంటరితనం వలన తలుపు తెరచుకొన్నది. జీతమున్న తీరిక వలన అది పట్టుబడినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది. డబ్బుతో పాటు అధికారమూ వస్తుంది; ఇచ్చినవాడు తన మాట చెల్లవలెనంటాడు; అప్పుడు అందరి సొత్తు కొందరిదవుతుంది. ఈ భయం నిరాధారం కాదు. అయితే చెరువు మరమ్మతుకు ఎక్కువ ఇచ్చినవాని పొలానికే నీరంతా మళ్లించడానికి ఊరు ఒప్పుకొనరాదన్నంత మాత్రాన, మరమ్మతే వద్దని అర్థం కాదు. ఇచ్చే చేతికీ నడిపే చేతికీ మధ్య కట్టుబాటు ఉండవలెనని మాత్రమే దాని అర్థం.

రెండవ ఆక్షేపణ: కంపెనీ ఋణపడినచో, చదువుకొనే విద్యార్థి కూడ ఋణపడినట్లే గదా? అవును, కాని ఋణం లాభాన్నిబట్టి ఉంటుంది. విద్యార్థి తప్పు ఒకటి కనిపెట్టి తెలియజేసినా తన వంతు తీరుతుంది. ఆ పునాదిపై అంతస్తులు కట్టి అద్దె వసూలుచేసేవాని వంతు అంత తేలికగా తీరదు.

ఆ వంతుకు కొలత కల్పించే ప్రయత్నాలు మొదలైనవి. 2024లో వెలువడిన ఓపెన్ సోర్స్ ప్లెడ్జ్, కంపెనీలో ఉన్న ఒక్కొక్క ప్రోగ్రామరుకు ఏటా కనీసం 2,000 డాలర్ల చొప్పున ఇవ్వవలెనని కోరినది. అదే ఏడాది భారతదేశంలో జెరోధా సంస్థ ఫ్లాస్ ఫండ్‌ను స్థాపించి, ప్రపంచంలో ఎక్కడి రచయితలకైనా ఏటా 10 లక్షల డాలర్లు పంచుతామని ప్రకటించినది. ఇచ్చిన మొత్తంకన్న ఇచ్చే రీతి ముఖ్యం. ప్రమాదం కోసం ఎదురుచూడక, ప్రతి ఏటి ఖర్చులో దీనినొక పద్దుగా వ్రాసుకోవడం అందులోని విశేషం.

ప్రతిఫలం కోరనివాడు ప్రతిఫలానికి అనర్హుడు కాడు. అతడు కోరలేదు గనుకనే తన వంతును తానే లెక్కకట్టుకొనవలసిన భారం పుచ్చుకొన్నవానిమీద పడుతున్నది. నీరు త్రాగే ప్రతివాడూ చెరువు త్రవ్వనక్కరలేదు. కాని వేసవిలో పూడిక తీసే రోజున, ఆ నీటితో పంట పండించుకొన్నవాడు గట్టుమీద కనిపించవలెను.