మడుగులో మిగిలిన నీరు

షాద్‌నగర్ పరిసరములలోని మెట్టభూములకు జీవనదులు లేవు. వాననీటిని పట్టియుంచు చెరువులు ఒక ఆధారము. వర్షాభావమున నడివేసవికి చెరువు చిన్న మడుగై మిగులును. తెల్లకొంగలు, నారాయణపక్షులు అచట చేరును. నీరు తగ్గినకొలది చేపలు వానికి సులభముగా చిక్కును. చేపకు ఆపద అయినదే పక్షికి ఆహారము. అట్టిచో దయాళువు ఎవరి పక్షము వహింపవలెను?

మత్స్యావతారమెత్తిన స్వామియే గరుడవాహనుడు. ఆయన సృష్టిలో రెండింటికిని చోటు కలదు. పక్షి ఆకలి మేరకే తినును. కొర్రమీను గాలి పీల్చుచు తడిబురదలో కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. ఆ రెంటి నడుమ తీర్పు చెప్పుట మనుజుని పని కాదు. కాని చేపలకై ఆ మడుగును మోటారుతో తోడివేసినచో చేపకు నెలవు, పక్షికి మేత, పశువుకు గ్రుక్కెడు నీరు ఒక్కనాటితో పోవును. తొలకరి వరకు ఆ నీటిని విడిచియుంచుటయే వైష్ణవునికి తగిన భూతదయ.