ఎవరిదీ కాని దీపము

ఇంటిలో దీపమార్పుమని మనకెవరును బోధింప నక్కరలేదు. గది విడుచునప్పుడు చేయి తనంతట తానే స్విచ్చుమీదికి పోవును. నెలనెలా వచ్చు బిల్లు మన పేరనే వచ్చుచున్నది గదా! మరి అదే చేయి ఆఫీసు గదిని విడుచునప్పుడు ఏల కదలదు? సాయంకాలము ఆరు గంటలకు ఉద్యోగులందరును వెడలిపోయిన పిమ్మట, తెల్లవారువరకు బల్లలకును కుర్చీలకును వెలుగునిచ్చుచుండు దీపములను మనమందరమును చూచియే యుందుము. ఇది ఖర్చునకు సంబంధించిన చిన్న విషయమని తోచును. నిజమునకు ఇది ‘నాది కానిదానియెడ నే నెట్లు ప్రవర్తింతును’ అను పెద్ద ప్రశ్న.

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమునందలి ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి చోట ఈ ప్రశ్నకు పదునెక్కువ. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారు ఇచ్చట వర్క్‌షాపు నెలకొల్పిన నాటినుండి ఉత్తరాంధ్రమునుండి తెలుగువారు పనులకై వచ్చి, తరతరములుగా ఇచ్చటనే స్థిరపడిరి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. పేరు మారినను ఊరి స్వభావము మారలేదు. క్వార్టరు రైల్వేది, ఆసుపత్రి రైల్వేది, ఆటస్థలము రైల్వేది. సొంతమన్నది కొంచెము, ఉమ్మడియైనది చాల. అట్టి ఊరిలో ఒకే నోట రెండు మాటలు వినవచ్చును. “ఇది మన రైల్వే” యని గర్వముతో పలుకు మనుష్యుడే, ఖాళీగదిలో వెలుగుచున్న దీపమును చూచి “రైల్వేదే గదా” యని సాగిపోవును. మొదటి మాటలో తానున్నాడు, రెండవ మాటలో లేడు. ఉమ్మడి సొత్తునకు సంభవించు హాని యంతయు ఈ రెండు మాటల నడుమ జరుగుచున్నది.

దీనికి మనుష్యుని స్వార్థమొక్కటే కారణమనుట న్యాయము కాదనుకొందును. దీపము మారినది. పూర్వము రైల్వేలో లాంప్‌మన్ అను ఉద్యోగి యుండెడివాడు. సిగ్నల్ దీపములకు కిరసనాయిలు పోయుట, వత్తి సవరించుట, అద్దము మసి తుడుచుట అతని పని. నూనెదీపము తన్ను మరువనీయదు. చమురు తగ్గుట కంటికి కనబడును, మసి చేతికంటును, వాసన ముక్కునకు తగులును. విద్యుద్దీపము మననుండి ఏమియు కోరదు. దాని చమురు మరియొక చోట తరుగుచుండును. హౌరానుండి ఖరగ్‌పూర్ వచ్చు దారిలో కోలాఘాట్ వద్ద, రూపనారాయణ నదీతీరమున బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము కలదు. అట్టి కేంద్రములకు బొగ్గు మోయునది చాలవరకు రైలే. అనగా రైల్వే ఉద్యోగి తాను మోసిన బొగ్గునే తన ఆఫీసులో తెలియక కాల్చుచున్నాడు!

లెక్క చూతము. పాతరకపు ట్యూబులైటు చోకుతో కలిసి సుమారు 50 వాట్లు లాగును. ఎల్‌ఇడి ట్యూబు 20 వాట్లతో సరిపెట్టుకొనును. ఈ రెండవదియే రాత్రికి 12 గంటల చొప్పున, ఏడాదికి 300 రాత్రులు వృథాగా వెలిగినదనుకొందము. 72 యూనిట్లు. మన దేశపు బొగ్గుతో యూనిట్ ఒకటికి ఇంచుమించు 700 గ్రాములు ఖర్చగును. మొత్తము 50 కిలోలు, ఒక గోనెసంచెడు. ఆవిరియింజనులో పార పట్టిన ఫైర్‌మన్‌కు ఆ సంచి బరువెంతయో తెలియును. స్విచ్చు వేసిన వ్రేలికి తెలియదు.

చాణక్యుని గూర్చి ఒక జనశ్రుతి కలదు. రాజకార్యము చేయునప్పుడొక దీపము, సొంతపనికి మరియొక దీపము వాడెడివాడట. ఇదే కథను అరబ్బులు ఖలీఫా ఉమర్ ఇబ్న్ అబ్దుల్ అజీజ్‌పై చెప్పుకొందురు. కథ మంచిదే. కాని మన సమస్యకు అది చాలదు. చాణక్యుని యెదుట ఆ రెండు దీపములకును యజమాని స్పష్టముగా నుండెను. ఖాళీ ఆఫీసులోని దీపము రాజకార్యమునకును పనికిరాదు, సొంతపనికిని పనికిరాదు. దానిని దొంగిలించినవాడు లేడు, అనుభవించినవాడును లేడు. యోగశాస్త్రమున అస్తేయమునకు పరుల సొత్తును గ్రహింపకుండుటయని సామాన్యార్థము. ఎవడును గ్రహింపకయే పరుల సొత్తు నశించుచుండగా చూచి యూరకుండుట ఆ వ్రతమునకు భంగమగునా కాదా? అగుననియే నా అభిప్రాయము. కనబడినదానికి కనులు బాధ్యత వహింపవలెను.

దీపమార్పుట అమంగళమని మనవారిలో నొక భావము కలదు. దీపము ‘ఆరినది’ అనక ‘కొండెక్కినది’ యందుము. ఆ మాటలోని మర్యాద నాకెంతో ప్రియము. అది సంకల్పముతో వెలిగించి, ఎదుట కూర్చున్న దీపమునకు చెల్లిన మర్యాద. ఎవరును తలపని దీపమునకు అది చెల్లదు.

అట్లని చీకటి చేయుటయే ధర్మమని కాదు. కంట్రోలు ఆఫీసు, ఆసుపత్రి వార్డు, సిగ్నల్ కేబిన్ రాత్రియెల్ల మేల్కొనియుండవలెను. వేకువనే ఊడ్వవచ్చు స్త్రీకి మెట్లమీద వెలుగుండవలెను. పొదుపు పేర ఆమెను చీకటిలో నడిపించు అధికారి పొదుపరి కాడు.

చట్టముతో సాధింపరాదా? ఫ్రాన్సు దేశమున 2013 జులై 1 నుండి, చివరి ఉద్యోగి వెడలిన గంటలోపల ఆఫీసు గదుల దీపములార్పవలెనని నిబంధన కలదు. మనిషి అలికిడిని కనిపెట్టి దీపమార్పు యంత్రములును వచ్చినవి. వానిని సంతోషముగా పెట్టుకొనవలెను. దీపమారుటయే ముఖ్యము గాని, ఆర్పిన పుణ్యము నాకు దక్కుట ముఖ్యము కాదు. అయితే చవక యగుటయే దుబారాకు దారి తీయవచ్చును. ఆవిరియింజను తక్కువ బొగ్గుతో నడచుట నేర్చిన కొలది ఇంగ్లండులో బొగ్గు వాడుక పెరిగినదని జెవన్స్ అను ఆర్థికవేత్త 1865లోనే వ్రాసెను. “ఎల్‌ఇడియే గదా, ఎంత కాలును?” అను మాట ఇప్పుడు వినుచునే యున్నాము.

యంత్రము లేని గదులే ఇంకను ఎక్కువ. అచ్చట పని ప్యూనుకో వాచ్‌మన్‌కో విడిచి పెద్దలు వెడలిపోవుచుందురు. అది సరికాదు. పది గదుల ఆఫీసులో చివర వెడలువాడెవడో ముందుగా ఎవరికిని తెలియదు. వరండా ఆ చివరివరకు నడచి, ప్రతి తలుపు తోసి, లోపల ఎవరైన ఉన్నారేమోయని చూచిన పిమ్మటనే, తానే చివరివాడనని అతనికి తెలియును.