దేశము లేని సైనికుని ధర్మము

స్వదేశమును రక్షించుట సైనికుని ధర్మమని చిన్ననాటి వాచకములలో మనమందరము చదువుకొన్నదే. ఆ స్వదేశమే పరులపాలై, దాని ప్రభుత్వము పరాయి రాజధానిలో తలదాచుకొన్ననాడు ఆ సైనికుడు ఎవరికి కట్టుబడి యుండవలెను? ఎవరి నేల కొఱకు ప్రాణమొడ్డవలెను? పోలెండు దేశపు ఒక మోటారుదళము కథ తెలిసిన నాటినుండి ఈ ప్రశ్న మమ్ము విడువకున్నది.

అది 10వ ఆశ్వికదళము. 1937లో గుఱ్ఱములను విడిచి మోటారులెక్కినను పేరు మాత్రము ఆశ్వికదళముగనే నిలిచెను. నల్లని తోలుకోటులు ధరించుటచే దానిని నల్లదళమనియు పిలుచుచుండిరి. 1939 సెప్టెంబరు 1వ తేదీన జర్మనీ దండెత్తగా, స్టానిస్లావ్ మాచెక్ అను కర్నలు నాయకత్వమున ఆ దళము దక్షిణపు కొండదారులలో తనకంటె ఎంతో బలీయమైన ట్యాంకుసేనను అడుగడుగున అడ్డగించుచు, క్రమముగా వెనుకకు తగ్గుచు ల్వూఫ్ నగర ప్రాంతమునకు చేరెను. 17వ తేదీన తూర్పుదిక్కునుండి సోవియట్ సేన ప్రవేశించెను. ఇక నిలువ చోటులేదు. 19వ తేదీన వారు కొండలు దాటి హంగరీలో అడుగిడిరి.

అచ్చటినుండి ఫ్రాన్సు చేరి మరల దళముగ కూడిరి. 1940 జూనులో ఫ్రాన్సు కూలిపోవుచుండగా, మోంబార్ అను పట్టణమును రాత్రివేళ పట్టుకొనిరి గాని పెట్రోలు అడుగంటెను. వాహనములను తమ చేతులతోనే ధ్వంసము చేసి చిన్నచిన్న గుంపులై చెదరిపోయిరి. మాచెక్ ఉత్తరాఫ్రికా మీదుగా, లిస్బన్ మీదుగా లండను చేరెను. స్కాట్లండులో 1942లో మూడవమారు సేన రూపొందెను. ఇప్పుడది పోలిష్ 1వ కవచదళము. దాని చిహ్నము పూర్వకాలపు పోలిష్ ఆశ్వికుల శిరస్త్రాణము, ఱెక్క. ఒకసారి చెదరినవారు మరల కూడుట సహజమే. రెండుసార్లు చెదరి మూడవమారు కూడుటకు కోపమొక్కటియే చాలదని మా తలంపు.

1944 ఆగస్టు 8న వారు నార్మండీలో కెనడా సేనాధిపత్యము క్రింద యుద్ధమునకు దిగిరి. మొదటి దినముననే మిత్రపక్షపు విమానములు పొరపాటున వారిపై బాంబులు కురిసెను. దానికి వారము ముందు, ఆగస్టు 1న, వార్సాలో తిరుగుబాటు ఆరంభమైనది. సొంత రాజధాని అచ్చట మండుచుండగా వీరిచ్చట ఫ్రెంచి గుట్టలపై నెత్తురోడ్చుచుండిరి! ఆ నెల 19 నుండి 21 వరకు, 262 మీటర్ల ఎత్తుగల గుట్టపై సుమారు 1500 మంది నలుదెసల శత్రువులు క్రమ్ముకొనగా, మందుగుండు తరిగిపోగా నిలిచి, జర్మనుసేన తప్పించుకొను దారిని మూయ యత్నించిరి. అందు మరణించినవారును గాయపడినవారును 350 మందికి తక్కువకారు. పటములో గదవలె కనబడుటచే మాచెక్ ఆ గుట్టకు గద యని పేరిడెను.

సేన తరిగిపోవుచుండగా క్రొత్త సైనికులు ఎచ్చటినుండి వచ్చిరో వినిన ఆశ్చర్యము కలుగును. జర్మనీ తనలో కలుపుకొన్న ప్రాంతములనుండి పోలిష్ యువకులను బలవంతముగ తన సేనలో చేర్చుకొనెను. అట్టివారు పట్టుబడిన పిమ్మట దుస్తులు మార్చుకొని స్వజనుల పక్షమున నిలిచిరి. భారతమున శల్యుడు పాండవుల కొఱకు బయలుదేరి, దుర్యోధనుని ఆతిథ్యమునకు కట్టుబడి కౌరవపక్షమున పోరెను. యుయుత్సుడు సోదరులను విడిచి ఇవతలికి వచ్చెను. శల్యుడుగ తీసికొనిపోబడి యుయుత్సుడుగ మరలివచ్చిన ఈ యువకులను తప్పుపట్టుటకు మాకు నోరురాదు.

1831లో రష్యా చక్రవర్తిపై తిరుగబడిన పోలిష్‌వారి పతాకములపై, ఈ పోరు మా స్వేచ్ఛకును మీ స్వేచ్ఛకును అను భావముగల నినాదము కలదు. పతాకముపై వ్రాయుట సులభము. ఆ రెంటిలో మొదటిది కొట్టివేయబడిన యెడల రెండవది నిలుచునా? 1945 ఫిబ్రవరిలో యాల్టాలో మహానాయకులు ముగ్గురు కూర్చుండి ల్వూఫ్‌తో సహా తూర్పు పోలెండును సోవియట్ పక్షమునకు విడిచిరి. మాచెక్ పుట్టినది ఆ నగర సమీపముననే. ఆ వార్త వినిన వెనుకనైనను ఆయుధములు క్రింద పెట్టియుండవలసినదని మాలో కొందరు వాదించిరి. మేమును కొంతకాలము అట్లే తలచితిమి.

పిదప రెండు సంగతులు మా మనస్సును మార్చినవి. మొదటిది యాల్టాకు ముందటి మాట. 1944 అక్టోబరు 29న హాలెండులోని బ్రేడా నగరమును వారు విడిపించిరి. నగరమును ఫిరంగులతో నేలమట్టము చేయక, ప్రక్కలనుండి చుట్టి శత్రువును తరిమి, పౌరుల ప్రాణములను కాపాడిరి. తన నగరము కాలిపోయినవాడు పరుల నగరమును కాల్చకుండ తీసికొనిన శ్రద్ధ యది. రెండవది యాల్టా పిమ్మటిది. 1945 ఏప్రిల్ 12న, జర్మనీలోని ఓబర్లాంగెన్ అనుచోట ఒక బందీశిబిరపు ద్వారము తెఱవగా లోపల 1700కు పైగా స్త్రీలు, అందరును పోలిష్‌వారే, వార్సా తిరుగుబాటులో పోరాడి చిక్కినవారే. వీరు రాకున్నను మరియొక సేన వచ్చి ఆ ద్వారము తెఱచియుండును, నిజమే. అయినను ఆనాడు తెఱచినవారి నోట ఆ స్త్రీలు విన్నది తమ భాష.

భాషయే దేశమని మేము సులభముగ అనబోవుటలేదు. మనలను ఎవరును తరిమివేయలేదు. పెద్దలు తరముల క్రిందట వచ్చి ఇచ్చట స్థిరపడిరి, ఉన్నయూరి మేలును తమ మేలుగ నెంచిరి. వారి దుఃఖముతో మన స్థితిని పోల్చుట అపచారము. మహారాష్ట్రమునందలి మన సోదరులకు మాత్రము ఒక మాట: 1943 మొదలు కొన్ని సంవత్సరములు కొల్హాపూరు దగ్గరి వళివడేలో సుమారు 5000 మంది పోలిష్ శరణార్థులు, ముఖ్యముగ స్త్రీలును బాలురును, నివసించిరి. నేల పోయినవారు నేల నడుగుటకు మన గడపవరకును వచ్చిరన్నమాట.

యుద్ధాంతమున ఆ దళము విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవును వశపరచుకొనెను. 1945 జూలైలో బ్రిటను లండనులోని పోలిష్ ప్రభుత్వమునకు గుర్తింపు మానెను. 1946లో వార్సాలోని క్రొత్త ప్రభుత్వము మాచెక్ పౌరసత్వమును తీసివేసెను. ట్యాంకులు నడిపించిన సేనాపతి ఎడింబరోలో ఒక హోటలునందు పానీయములు అందించుచు కుటుంబమును పోషించుకొనెను. పని నీచమని మేమనము. ఆ పనిలోనికి ఆయనను నెట్టినవారి కృతజ్ఞతను గూర్చియే మా సందేహము. 1994 డిసెంబరులో, 102 సంవత్సరముల వయస్సున ఆయన మరణించెను. పుట్టిన ఊరు నేడు ఉక్రెయిన్‌లో నున్నది. ఆయనను బ్రేడాలో, తన సైనికుల సమాధుల నడుమ పూడ్చిరి.