వంశవార్త ఎవరి సొత్తు?

మానవుడు తండ్రితాతలనుండి పొలమును, ఇంటిని, అప్పును పొందినట్లే దేహమునందలి గుణదోషములను కూడ పొందుచున్నాడు. పొలము పంచుకొనునప్పుడు అన్నదమ్ములు పట్టాకాగితము తెచ్చి అందరియెదుట చదివింతురు. దేహమునకు సంబంధించిన వారసత్వపత్రము ఒక్కరికే చదువ లభించినచో దానిని దాచుకొనవచ్చునా? తోబుట్టువులకు తెలుపవలెనా? జన్యుపరీక్షలు అందుబాటులోనికి వచ్చిన ఈ కాలమున ఇది ఏ కుటుంబమునకైనను ఎదురుకాగల ధర్మసందేహము.

ముందుగా విషయమును తెలిసికొనవలెను. క్యాన్సర్లన్నియు వంశమువలన వచ్చునవి కావు. రొమ్ముక్యాన్సరు కలిగిన నూర్గురిలో అయిదుగురు మొదలు పదిమందికి మాత్రమే అది తల్లిదండ్రులనుండి సంక్రమించిన జన్యుదోషమువలన కలుగును. అట్టి దోషమొకటి పదునేడవ క్రోమోజోమునందు కలదని 1990లో అమెరికా శాస్త్రజ్ఞురాలు మేరీ క్లెయిర్ కింగ్ చూపెను. 1994లో ఆ జన్యువును వేరుచేసిరి. దాని పేరు బి.ఆర్.సి.ఏ.1. మరుసటి యేడు బి.ఆర్.సి.ఏ.2 లభించినది. కణములోని డి.ఎన్.ఏ. తెగినప్పుడు దానిని సరిచేయుట వీని పని. ఒక ప్రతి పుట్టుకతోనే చెడియుండి, రెండవ ప్రతియు ఏదో ఒక కణమున చెడినచో ఆ మరమ్మతు నిలిచిపోయి క్యాన్సరుకు దారి యేర్పడును. బి.ఆర్.సి.ఏ.1 దోషముగల స్త్రీలలో నూటికి అరువదిమందికి మించి జీవితకాలమున రొమ్ముక్యాన్సరు కలుగునని అంచనా. అండాశయ క్యాన్సరు భయమును వారికి హెచ్చే. దోషము తల్లియందున్నను తండ్రియందున్నను ప్రతి బిడ్డకు సంక్రమించు అవకాశము సగము. కావున ఆడుదానికి వ్యాధి వచ్చినంతమాత్రమున ఆమె తల్లి వంశమునే నిందించుట అజ్ఞానము.

2016 వరకు నల్లగొండ జిల్లాలోనుండి, నేడు సూర్యాపేట జిల్లాలో చేరిన తిరుమలగిరినుండి ఒక ఇల్లాలు చికిత్సకై హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళినదని భావింపుడు. ఆమెకు నలుబదియేండ్లు నిండలేదు. ఆమె మేనత్త పూర్వము ఇదే వ్యాధితో పోయినది. జన్యుపరీక్షలో దోషము బయటపడినది. ఆమెకు ఇద్దరు చెల్లెండ్రు. చిన్నదానికి సంబంధములు చూచుచున్నారు. "ఈ మాట పొక్కినచో పిల్లకు పెండ్లి కాదు, ఊరకుండుము" అని ఇంటి పెద్దలు చెప్పుదురు. వారి భయము నిరాధారము కాదు.

అయినను చెప్పకుండుటవలన దోషము పోదు; కాలము మాత్రమే పోవును. తెలిసిన చెల్లెలు ఆ ఒక్క మార్పు తనయందున్నదో లేదో పరీక్ష చేయించుకొనవచ్చును. లేదని తేలినచో ఏండ్లతరబడి మోయవలసిన భయము ఒక్కదినమున దిగిపోవును. ఉన్నదని తేలినను అది మరణశాసనము కాదు. చిన్నవయసునుండి ఎం.ఆర్.ఐ. మొదలగు పరీక్షలతో కనిపెట్టియుండి వ్యాధిని తొలిదశలోనే పట్టవచ్చును; సంతానము కలిగిన పిదప అండాశయములను తీసివేయించుకొనుట వంటి మార్గములును కలవు. ఈ మార్గములన్నియు ముందు తెలిసినవారికే.

అక్క నాగమ్మకు లేని ఉపనయనము తనకును వలదని బాలబసవన్న త్రోసివేసెనని సంప్రదాయమున చెప్పుకొందురు. తోబుట్టువునకు దక్కని మేలును తానొక్కడే అనుభవింపరాదనుట అందలి నీతి. రక్తమునందలి వార్త ఒకరు ఆర్జించిన ధనము కాదు; తాతముత్తాతలు వ్రాసిపోయినది. దానిని చదువగలిగినవారు దానికి ధర్మకర్తలేగాని యజమానులు కారు.

అయితే చెప్పుట వేరు, చాటుట వేరు. వార్త రక్తసంబంధులకు చెందును. ఊరికి, వియ్యాలవారికి, కొలువిచ్చువారికి చెందదు. చెల్లెలికి కూడ "ఇట్టిదొకటి మన యింట నున్నది" అని తెలిపి, పరీక్ష చేయించుకొనుటయు మానుటయు ఆమెకే విడువవలెను. ఎరుగకుండుటకును ఆమెకు హక్కు కలదు. ఈ వ్యాధి బాల్యమున వచ్చునది కాదు గనుక పసిబిడ్డలను పరీక్షింపక, పెరిగి తమంతట నిర్ణయించుకొనువరకు ఆగవలెను. కొన్ని మార్పుల ఫలితము మంచియో చెడ్డయో శాస్త్రజ్ఞులకే తేలదు. కావున పరీక్షకు ముందును తరువాతను జన్యువైద్యుని సలహా అవసరము. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో అట్టి విభాగము కలదు.

మిగిలిన ధర్మము సమాజమునకు చెందినది. అక్క నోరు మూయించునది వ్యాధి కాదు, వంశమునకు మచ్చ యను మాట. పుట్టుకనుబట్టి మనుజుని హెచ్చుతగ్గులు నిర్ణయింపరాదని ఎనిమిదివందల యేండ్లకు పూర్వమే శరణులు బోధించిరి. కులమువలన కళంకము లేదని నమ్మినవారు జన్యువువలన కళంకము కలదని ఎట్లు నమ్మగలరు? సంబంధము చూడవచ్చినవారు ఆ ప్రశ్న అడుగుట మానిననాడు అక్క తన చెల్లెలికి నిర్భయముగా నిజము చెప్పగలదు.