ఆగిన పాట, ఆగిన అడుగు

జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1985లో లాస్ ఏంజిలిస్‌లో 'రబ్బర్‌బ్యాండ్' ఆల్బమ్ మొదలుపెట్టాడు. అది మధ్యలోనే ఆగిపోయింది. 1986లో 'టుటు' వచ్చింది. 1991లో ఆయన చనిపోయాడు. నాటి నిర్మాతలూ మేనల్లుడూ కలిసి పాత టేపులకి కొత్త గొంతులు చేర్చి 2019లో 'రబ్బర్‌బ్యాండ్'ని విడుదల చేశారు. అందులో లెడిసి, లేలా హాథవే అనే గాయనుల గొంతులూ ఉన్నాయి.

చనిపోయినవాడి అనుమతి లేకుండా అతని పనిని పూర్తి చేయవచ్చా? న్యాయమైన ప్రశ్నే. నన్ను వేధించేది మాత్రం వేరే: అసలు ఎవరి అసంపూర్ణతకి రెండో అవకాశం దొరుకుతుంది?

డేవిస్ భార్య ఫ్రాన్సెస్ టేలర్ నర్తకి. 1957లో బ్రాడ్‌వేలో మొదలైన 'వెస్ట్ సైడ్ స్టోరీ' తొలి బృందంలో ఆమె ఉంది. డేవిస్ మానేయమంటే మానేశానని తర్వాత చెప్పింది. ఆమెని కొట్టానని డేవిస్ 1989 నాటి ఆత్మకథలో తనే రాసుకున్నాడు. 1961లో అతని ఆల్బమ్ అట్టమీద మాత్రం ఆమె ముఖం మెరిసింది. 2018లో ఆమె చనిపోయింది.

అతని పాట ముప్పై నాలుగేళ్ళు టేపుల్లో భద్రంగా ఉంది. ఆమె వేయకుండా ఆగిన అడుగుల్ని దాచే టేపు లేదు, పూర్తి చేసే వారసులూ లేరు.

ఆల్బమ్ వినొద్దని అనను. నేనూ వింటాను. కానీ సాహిత్య పరిశోధనలోనూ మనం వెతికేది అముద్రిత రచనలనే. రాయనివ్వని రచనలకి మన సూచికల్లో చోటు లేదు. ఆ ఖాళీని ఖాళీగానే, కారణంతో సహా నమోదు చేయడం కూడా చరిత్ర రచనే.